అమ్మకు తెలిసిన తెల్లమేడ

మా వీధి మలుపులో కొత్త కుళాయి ఉంది. నేను మూడో తరగతిలో ఉండగా వేశారు. ఇప్పుడు నా తలలో తెల్ల వెంట్రుకలు ఏరుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. ఆ కుళాయిలో నీళ్లు రాక ఏళ్లయింది. అయినా అది కొత్త కుళాయే. నిరుడు దానికి నాలుగడుగుల దూరంలో మెరిసే స్టీలు కుళాయి వేశారు, దాన్ని "ఆ ఇంకోటి" అంటారు. మా ఇంటికి వచ్చేవాళ్లను కొత్త కుళాయి దగ్గర ఎడమకు తిరగమంటే, స్టీలు కుళాయి దగ్గర నిలబడి ఫోన్ చేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల తప్పు లేదని తెలిసినా మండుతుంది.

నాకు కోపం కాస్త ఎక్కువే. జాలరిపేటలో పుట్టాను, పెళ్లయ్యాక కూడా రెండు వీధుల అవతలే ఉంటున్నాను. నాన్న చిన్న ఇంజను బిగించిన తెప్ప మీద వేటకెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. మా ఇంట్లో పేర్లతో పని తక్కువ. అమ్మ నోట నాన్న పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. "ఆ మనిషి" అంటే నాన్న. "మహానుభావుడు" అంటే కూడా నాన్నే, కాకపోతే ఆ రోజు ఇద్దరికీ మాటల్లేవని అర్థం. నాన్న "ఇంట్లోది" అంటే అమ్మ. అమ్మ గంప పట్టుకుని ఊరంతా తిరుగుతున్నా ఇంట్లోదే. చిన్నప్పుడు ఇవేవీ నాకు వింతగా అనిపించలేదు.

చదువుకుని నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. సముద్రంలో లంగరేసి నిలబడిన ఓడ ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం అంకెల్లో రాసి పంపడం నా పనుల్లో ఒకటి. ఆ పని నాకు మహా ఇష్టం. ఆ అంకెలు ఎవరు చదివినా ఒక్క చోటే. చదివేవాడు ఏ దేశంవాడైనా, మా వీధి మొహం ఎప్పుడూ చూడనివాడైనా సరే. ఇంటికొచ్చి ఆ గొప్ప చెబితే నాన్న తల ఊపి, "మరి ఆ ఓడోడికి ఇంట్లో ఎవులూ నేరేటి, అంకెలేసి సెప్పుకుంటన్నాడు?" అనేవాడు. ఏడిపించడం ఆయనకు సరదా.

నాన్నవాళ్ల లెక్క వేరు. సముద్రం అడుగున అక్కడక్కడా రాతి గుట్టలు ఉంటాయి. వాటి చుట్టూ చేపలు మూగుతాయి. పైనుంచి చూస్తే నీళ్లే, ఇంకేమీ కనపడదు. అందుకని గట్టు వైపు చూసి గుర్తు పెట్టుకుంటారు. ఫలానా కొండ ముందుకు ఫలానా గోపురం వచ్చిందంటే ఈ వరుసలో ఉన్నాం, ఇంకోవైపు ఫలానా కొండ కొస విడిపడి కనిపించిందంటే ఇంత దూరం వచ్చాం, రెండూ కలిసిన చోట రాయి ఉంటుంది. ఈ గుర్తులు ఎవరివి వాళ్లవి. తోడబుట్టినవాడికి కూడా చెప్పరు. చెబితే మర్నాడు రాయి మీద నలుగురి వలలుంటాయి. నాన్నకూ అలాంటి రాయి ఒకటుందని నాకు తెలుసు. గుర్తులేమిటో తెలీదు. ఆడవాళ్లు తెప్ప ఎక్కకూడదు, కాబట్టి నాకు తెలియాల్సిన అవసరమూ రాలేదు.

నేను చెప్పబోయే రోజు రెండో శనివారం, నాకు సెలవు. ముందురోజు సాయంత్రం నాన్నతో రోజూ వెళ్లే జతగాడికి జ్వరం వచ్చింది. ఒక్కడినే వెళ్తానన్నాడు నాన్న. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి ఒంటరిగా ఎలా వెళ్తాడని అమ్మ గొడవపడింది. ఆయన వినలేదు. అమ్మ మాటలు మానేసింది. తెల్లారేసరికి ఆయన తెప్ప తోసుకుని వెళ్లిపోయాడు, అమ్మ తెల్లారాక గంప ఎత్తుకుని తన బేరానికి తను పోయింది. ఇద్దరిదీ మొండితనమే. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

పదిన్నరకు నాన్న ఫోన్ చేశాడు. వేటకు తీసుకెళ్లేది బటన్ల ఫోను, ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుంటాడు. గాలి హోరులో మాట తెగి తెగి వచ్చింది.

"ఇంజను ఆగిపోనాది గుంటా. నీళ్లు బయటికి లాగేత్తన్నాయి. లంగరేసినాను గాని తాడు పాతది. తెల్లమేడ కొండ నడుం మీద కూకుంది, యారాడ ముక్కు తెగింది. మీ యమ్మకి సెప్పు."

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్.

మధ్యాహ్నమైతే గాలి పెరుగుతుంది. పాత తాడు తెగితే తెప్ప ఎటు కొట్టుకుపోతుందో ఎవరూ చెప్పలేరు. గాలి లేచేలోపు ఎవరైనా ఆయన దగ్గరికి చేరాలి, నాకు కావలసింది అదొక్కటే. అమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ ఫోను ఎప్పుడూ తక్కెడ కింద సంచిలో ఉంటుంది, మోగినా వినపడదు. అయినా అమ్మకు చెప్పి ఏం లాభం, ఆవిడేమైనా ఈదుకుంటూ వెళ్తుందా అనుకున్నాను. చెప్పాల్సింది బోటున్నవాళ్లకు. ఒడ్డుకు పరుగెత్తాను.

అక్కడ మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, వల బాగుచేసుకుంటున్నాడు. వాళ్లది పెద్ద ఫైబర్ బోటు, జీపీఎస్ ఉంది. తెల్లమేడ అంటే తనకు తెలీదన్నాడు. నాకు తెలుసన్నాను. తెలీకేం? బీచ్ రోడ్డు మీద పన్నెండంతస్తుల తెల్లటి అపార్టుమెంటు ఉంది, దాని వెనక కొండ ఉంది. మా పేటలో నిలబడి తెల్లమేడ ఎక్కడ అని అడిగితే చంటిపిల్లాడు కూడా దాన్నే చూపిస్తాడు. నా ఫోన్లో మ్యాపు తెరిచి, ఆ మేడ నుంచి సముద్రంలోకి తిన్నగా గీత లాగినట్టు చూసి, యారాడ ముక్కు మాట అర్థం కాక వదిలేసి, నాన్న మామూలుగా వెళ్లే దూరం అన్నయ్యను అడిగి, రెండు అంకెలు తీసి ఇచ్చాను. అతను అవి జీపీఎస్‌లో కొట్టుకున్నాడు. రెండు బోట్లు బయల్దేరాయి. సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. ఆ క్షణాన నాకు కొంచెం గర్వంగా అనిపించింది. నాన్న వెక్కిరించే అంకెలే నాన్నను ఇంటికి తెస్తున్నాయనుకున్నాను.

తర్వాత ఆటో ఎక్కి అమ్మ కూర్చునే కాలనీకి వెళ్లాను. రోడ్డు వార గొడుగు కింద కత్తిపీట మీద కూర్చుని ఎవరికో వంజరం ముక్కలు కోస్తోంది. విషయం చెప్పాను. చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"ఏటన్నాడు? నీ మాటలొద్దు. ఆయనన్నట్టే సెప్పు."

అన్నట్టే చెప్పాను. బోట్లు ఎటు పంపించావని అడిగింది. బీచ్ రోడ్డు అపార్టుమెంటు ఎదురుగా అన్నాను. అమ్మ కత్తిపీట మీద నుంచి లేచి నిలబడింది.

"అది మేడ కాదే" అంది. "అసలు ఇల్లే కాదు."

తెల్లమేడ ఆనందపురం వైపు ఒక కొండకు పడిన గాయం. ఎన్నో ఏళ్ల కిందట అక్కడ రాయి తవ్వారు. కొండ పక్కన పచ్చదనం ఊడిపోయి తెల్లటి మచ్చ మిగిలింది. గట్టు మీద నుంచి చూస్తే ఆ మచ్చ ఎవరికీ కనపడదు, ముందున్న కొండ, కట్టడాలు అడ్డం. సముద్రంలోకి చాలా దూరం వెళితే వెనక కొండ పైకి లేస్తుంది, అప్పుడు ఆ మచ్చ బయటపడుతుంది. నాన్న కుర్రవాడిగా ఉన్నప్పుడు మొదటిసారి చూసి అక్కడెవరో గొప్పవాళ్లు మేడ కట్టుకున్నారనుకున్నాడట. తర్వాత క్వారీ అని తెలిసింది. తెలిసినా తెల్లమేడ అనడం మానలేదు. ఆ మాటతో ఆ చోటును తలుచుకునేవాళ్లు భూమ్మీద ఇద్దరే ఉన్నారు.

అమ్మ నా ఫోన్ లాక్కుంది. అన్నయ్యకు కలపమంది. లైను కలిసింది, ఇంకా సిగ్నలు అందే దూరంలోనే ఉన్నారు. అమ్మ ఆ రోడ్డు మీద, బేరానికొచ్చిన నలుగురి మధ్య గొంతెత్తి చెప్పింది. ఆనందపురం క్వారీ మచ్చ చూసుకోమంది. అది ముందు కొండ నడుం మీదికి వచ్చేదాకా ఉత్తరానికి పొమ్మంది. ఆ వరుస పట్టుకుని, యారాడ కొండ కొస వెనక కొండ నుంచి విడిపడి కనిపించేదాకా బయటికి పొమ్మంది. ఇన్నేళ్లు నాన్న సొంత అన్నకు కూడా చెప్పని రాయి. అది మా ఇంటికి అన్నం పెట్టిన రాయి. దాన్ని నడిరోడ్డు మీద, ఒక్క క్షణం తటపటాయించకుండా పంచిపెట్టేసింది. వంజరం కొనడానికొచ్చినావిడ ఏమీ అర్థం కాక మా మొహాలు చూస్తూ నిలబడింది.

నా వల్ల ముప్పావుగంట పోయింది. అమ్మకు సెప్పు అన్న మాట నేను వినలేదు. విన్నాను గానీ, దాన్ని ఆడవాళ్లకు చెప్పే కబురుగా తీసుకున్నాను.

ఒడ్డుకు వచ్చి ఇద్దరం తెప్పల నీడన కూర్చున్నాం. అమ్మ సముద్రం కేసి చూస్తూనే ఉంది. నీకెలా తెలుసని అడిగాను. నువ్వెప్పుడూ తెప్ప ఎక్కలేదు కదా అన్నాను. ఎక్కానంది.

పెళ్లయిన మూడో నెల. ఒకరోజు తెల్లవారుజామున నాన్న ఎవరూ చూడకుండా అమ్మను తెప్ప ఎక్కించాడట. భయంతో కళ్లు మూసుకుని ఆయన కాలు పట్టుకు కూర్చుందట. రాయి మీదికి వెళ్లాక కళ్లు తెరవమన్నాడు. భుజాలు పట్టుకుని గట్టు వైపు తిప్పి ఆ మచ్చ చూపించి, అదిగో మన మేడ అన్నాడట. కిందన పేటలో తాటాకు ఇల్లు, పైన తెల్లమేడ. అమ్మకు నవ్వొచ్చింది. తిరిగొచ్చేసరికి పెద్దవాళ్లకు తెలిసిపోయి నానా తిట్లూ తిట్టారు. తెప్పను పసుపునీళ్లతో కడిగించారు. నాన్న తల వంచుకుని కడిగాడట.

"ఎందుకు తీసుకెళ్లాడమ్మా?"

"నాను రాకపోతే ఎక్కడెతకాలో నీకొక్కదానికైనా తెలియాల, అన్నాడు."

ప్రేమించుకున్నారని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో నాకు ఎప్పుడూ ఏ ఆనవాలూ దొరకలేదు. సినిమాకు వెళ్లింది లేదు, పక్కపక్కన కూర్చున్న ఫోటో లేదు. ఇదిగో, ఇన్నేళ్లకు దొరికింది. తాడు తెగకూడదని అప్పుడు మొక్కుకున్నాను, పేరు తెలిసిన దేవుళ్లందరికీ.

ఒంటిగంట దాటాక రెండు బోట్లు కనిపించాయి. వెనక తాడుతో కట్టుకుని నాన్న తెప్ప. నాన్న అందులో నిలబడే ఉన్నాడు. దిగాడు. పెదాలు ఉప్పు పట్టి తెల్లగా ఉన్నాయి. అమ్మ లేచి ఆయన వైపు చూడకుండా చీర కొంగు దులుపుకుంది.

"ఆ మహానుభావుణ్ని అన్నానికి రమ్మను" అని నాతో అని, ముందు నడిచింది. నాలుగడుగులు వేశాక కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను.

నేను నాన్నను పట్టుకుని ఏడ్చాను. బోట్లను తప్పు దారి పట్టించింది నేనేనని చెప్పేశాను. ఏడుపు అవగానే నాకు కోపం వచ్చింది, అది నా తీరు. ఆనందపురం క్వారీ అని ఉంటే ఎవరికైనా తెలిసేది కదా, మేడ అంటే ఎవరికి తెలుస్తుంది అని నిలదీశాను.

నాన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఫోన్లో సార్జీ రెండు మాటలకే ఉంది. ఊరందరికీ సెప్పాలంటే ఎన్ని మాటలు కావాల? మీ యమ్మకి రెండు సాలు" అన్నాడు.

ఆయన ఆ మాట నాకు చెప్పలేదు, బోట్లకూ చెప్పలేదు. నా చెవిలో వేసి అమ్మకు పంపించాడు. నేను మధ్యలో విప్పి నాకు తెలిసిన ఊళ్లో వెతికాను.

రాయి అందరిదీ అయిపోయిందని ఆ సాయంత్రం నాన్న బాధపడతాడనుకున్నాను. పోతే పోనీ అన్నాడు. అన్నయ్య మాత్రం ఇప్పటిదాకా ఆ వరుసలో వల వెయ్యలేదు. ఆ రోజు తనతో వచ్చినవాళ్ల చేత కూడా వెయ్యనివ్వలేదు. ఎందుకని అడిగితే మాట మారుస్తాడు.

మర్నాటి ఆదివారం కాదు, ఆ తర్వాతి ఆదివారం అమ్మే నాన్నతో అంది, "దీనికి కూడా సూపించు. నాను ఎల్లకాలం ఉంటానేటి?" అని. నాన్న నా వంక చూశాడు. ఇప్పుడు తిట్టే పెద్దలు ఎవరూ లేరు, ఉన్నా నేను ఊరుకునేదాన్ని కాదు. అయినా తెప్పలో కాలు పెట్టేముందు ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. అమ్మ గట్టు మీదే నిలబడింది. రమ్మంటే తను చూసేశానంది.

అలలు దాటేసరికి రెండుసార్లు వాంతి అయింది. ఓడల లెక్కలు రాసేదానివి ఇంతేనా అని నాన్న నవ్వాడు. పేట చిన్నదైపోయింది. అపార్టుమెంట్లు కుదించుకుపోయాయి. నేను అన్నయ్యకు చూపించిన తెల్లటి మేడ అక్కడ ఎండకు బూడిద రంగులో కనిపించింది, వేలు పెట్టి చూపిస్తే తప్ప పోల్చుకోలేనంతగా. దాని వెనక కొండ, ఆ కొండ వెనక ఇంకో కొండ మెల్లగా పైకి లేచాయి. నాన్న ఇంజను ఆపాడు. నా భుజాలు పట్టుకుని తిప్పాడు.

పచ్చటి కొండ నడుం మీద తెల్లటి మచ్చ.

"కనపడిందా మేడ?"

కనపడింది. కానీ ఎంత చూసినా నాకు మేడలా అనిపించలేదు. గోడలూ లేవు, అంతస్తులూ లేవు. అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది.

"నాకు ఆరేసిన పంచెలా ఉంది నాన్నా" అన్నాను. "గాలికి ఓ మూల మడత పడింది చూడు, అలా."

నాన్న కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తప్పు చెప్పానేమో అనుకున్నాను. యాభై ఏళ్లుగా ఆయన చూసిన మేడను నేను ఒక్క మాటతో పడగొట్టానేమో అని కూడా అనిపించింది.

"పంచే" అన్నాడు చివరికి. "నీకు సెప్పినపుడు పంచె అనే అంటాను. మీ యమ్మకి మేడే."

ఇంజను తిప్పి తెప్పను గట్టు వైపు మళ్లించాడు.

పది రోజుల తర్వాత ఆఫీసులో ఉండగా నాన్న ఫోన్ వచ్చింది. వెనకాల గాలి హోరు. కుర్చీలోంచి లేచిపోయాను.

"ఏటీ నేదు గుంటా. ఇంజను బాగుంది, సార్జీ ఉంది. పంచె కొండ నడుం మీద ఉంది. అంతే."

సరే నాన్నా అన్నాను. పెట్టేశాడు. ఎదురు టేబులు దగ్గరి సహోద్యోగి, ఊరికి కొత్తగా వచ్చినాయన, కంగారుపడి ఏమైందని అడిగారు. మా నాన్న, వేటకెళ్లాడు అని చెప్పాను. ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగారాయన. చెప్పడానికి నోరు తెరిచాను, ఏం చెప్పినా ఆయనకు అందదని అర్థమైంది.

"నాకు తెలుసండీ" అన్నాను.